గ్రంథభాండాగారములును చిన్న ప్రకాశకులును

విజయనగర సంస్థానాధీశ్వరులైన శ్రీ పూసపాటి ఆనందగజపతి మహారాజులుంగారు వాఙ్మయమునకుఁ జేసిన యుపకారములలో లోకప్రసిద్ధమైనది ఋగ్వేదముద్రణము. సాయణభాష్యసహితమైన ఋగ్వేదమును మాక్సుముల్లరు పండితుఁడు తూర్పిండియా కంపెనీవారి పోషణమునఁ బ్రారంభించి 1849 మొదలు 1874 వఱకు ఆఱు సంపుటములుగఁ బ్రకటించెను. రెండవ కూర్పునకు వలయు వ్యయమును విజయనగర ప్రభువు వహించెను. అది 1890–92 నడుమ నాలుగు సంపుటములుగ ఆక్స్‌ఫర్డున వెలువడెను. ఆ కాలముననే కాశీక్షేత్రమున ఆర్థర్ వెనిస్ దొర పర్యవేక్షణమున విజయనగర సంస్కృత గ్రంథమాల సాగెను. జయంతభట్టుని న్యాయమంజరియు, శ్రీధరుని న్యాయకందళితోఁ గూడిన ప్రశస్తపాదభాష్యమును, భట్టోత్పలుని వ్యాఖ్యతోడి బృహత్సంహితయు ఆ మాలలోనివే. నేఁటికిని తర్కవేదాంతములు చదువువారు ఆ ప్రతుల నుదాహరించుచునే యున్నారు.

ఈ యౌదార్యమును గొనియాడుట సులభము. విమర్శింపవలసినది దాని స్వరూపము. మహారాజు 1897లోఁ గీర్తిశేషుఁ డయ్యెను. ఆయన పేరిటి మాలలోని పెక్కు సంపుటములు ఆ దశాబ్దమునకుఁ జెందినవే. ప్రభుపోషణము గ్రంథమునకు గ్రంథముగ జరుగునది. ఒక పుస్తకపు వ్యయము తీఱినంతనే రెండవ పుస్తకము మఱల మొదటి మెట్టుననే నిలిచి దాత ముఖము చూచుచుండును. గ్రంథభాండాగారము చేయఁగల సాయము వేఱు జాతిది. అది కొనును, దాఁచును, పట్టికలోఁ జేర్చును, అడిగినవానికిఁ జూపును, నూఱేండ్ల తరువాత మఱియొక పరిష్కర్తకు మూలప్రతి నిచ్చును. దాతకుఁ గల యాయుర్దాయము దానికి లెక్క లేదు. కళింగాంధ్రమున నీ రెండవ విధమైన సాయ మెంతవఱకు లభించుచున్నది, ఎచ్చట లోపించుచున్నది యనునదియే యిచ్చటి ప్రశ్న.

చిన్న ప్రకాశకుఁ డనఁగా నెవఁడో ముందు తెలియవలెను. శాసనపాఠముల నొక చోటఁ జేర్చి యచ్చొత్తించు నుపాధ్యాయుఁడును, గతించిన కథకుని రచనలను బాఁతపత్రికలనుండి యేఱి కూర్చు మిత్రమండలియు, నేఁడాదికి నాలుగు సంచికలు వెలువరించు పరిశోధక సమాజమును ఈ పేరఁ జెల్లుదురు. వీరికి దుకాణము లేదు, ప్రచారకుఁడు లేఁడు, గిడ్డంగి యింటి చావడి. ఒక యూహాలెక్క వేసి చూతము. మూఁడువందల ప్రతులకు నలువదియైదువేల రూపాయలు వ్యయమైనదనుకొందము. ప్రతికి నూటయేఁబది పడును. వెల మూఁడువందలని నిర్ణయించి విక్రేతకు నూటికి నలువదివంతున కమీషను విడిచినచోఁ జేతికి వచ్చునది నూటయెనుబది. పెట్టుబడి తిరిగి వచ్చుటకే యిన్నూటయేఁబది ప్రతులు చెల్లవలెను. అఱువది గ్రంథాలయములు ముందుగనే తలకొక ప్రతి పూర్తి వెలకుఁ దీసికొన నంగీకరించినచోఁ బదునెనిమిదివేలు ముద్రణమునకుఁ బూర్వమే సమకూడును. తక్కిన సొమ్మునకు విపణిలో నూటయేఁబది ప్రతులు చెల్లినఁ జాలును. అఱువది ప్రతుల ముందుకొనుగోలు నూఱు ప్రతుల భారమును దించినది. పండితగ్రంథమునకు నూఱుగురు పాఠకులను వెదకుట యెంతటి పనియో ఆ పనిలో నుండినవారికే తెలియును.

ఇది యొక క్రొత్త యుపాయము గాదు. 1906లోఁ గొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారుల బలముననే చరిత్రశాస్త్రగ్రంథములను దెలుఁగువారి యిండ్లఁ జేర్చెను. పశ్చిమదేశములలో నిదే సూత్రము గ్రంథాలయముల పరముగ మాఱినది. నాలెడ్జ్ అన్‌లాచ్డ్ అను సంస్థ 2013–14లో నడపిన ప్రథమప్రయత్నమునఁ బదుమూఁడుగురు ప్రకాశకుల యిరువదియెనిమిది గ్రంథములకుఁ బెక్కు దేశముల గ్రంథాలయములు, దాదాపు మూఁడువందలు, తలకొంచెము సొమ్ము వేసికొని మొదటి ప్రతికగు వ్యయమును దీర్చినవి. ఆ గ్రంథములు పిమ్మట లోకమునకెల్ల నుచితముగఁ జదువ నందుబాటయ్యెను. మన చందాపద్ధతిని వారు గ్రంథాలయముల కన్వయించిరి. మనము చందాను మఱచితిమి, గ్రంథాలయములకు నన్వయింపనులేదు.

పైగా మన దేశమున గ్రంథాలయమునకును జిన్న ప్రకాశకునకును గల సంబంధము చాలవఱకు విపరీతదిశలో నడచుచున్నది. 1954 నాఁటి పుస్తకముల యప్పగింత చట్టముచొప్పునఁ బ్రకటితమైన ప్రతి గ్రంథమునుండియుఁ బ్రకాశకుఁడు స్వవ్యయముతో నొక్కొక్క ప్రతిని గలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపురి కన్నెమరా గ్రంథాలయమునకును, బొంబాయి, ఢిల్లీ నగరములలోని నియతగ్రంథాలయములకును ముప్పది దినములలోఁ బంపవలెను. లక్షప్రతుల ప్రకాశకునకును మూఁడువందల ప్రతుల ప్రకాశకునకును విధి యొక్కటే. నాలుగు ప్రతులు పెద్దవానికి లెక్కలోనికి రావు. చిన్నవానికి నవి నూటికొకటికి మించిన పన్ను, తపాలా యదనము. అయినను గ్రంథము శాశ్వతముగ నిలుచు ననెడి యాశతో నా భారమును మోయవచ్చును. ఇంతకన్న వింతయైన విషయము వేఱొకటి కలదు. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న నేర్పడినది, చట్టము మఱుసటి సంవత్సరమున వచ్చినది. అయినను నా నాలుగు నియతగ్రంథాలయములలో నొక్కటియుఁ దెలుఁగు గడ్డమీఁద లేదు. నరసన్నపేటలోఁ గూర్పఁబడి విజయనగరమున నచ్చుపడిన గ్రంథము చట్టబలమునఁ గలకత్తా చేరును. శ్రీకాకుళము చేరవలెననిన దయాధర్మములే శరణము.

మఱియొక లోపము నిటీవలిది. 1867 నాఁటి ముద్రణాలయ, గ్రంథనమోదు చట్టముచొప్పునఁ జెన్నరాజధానిలో నచ్చుపడిన పుస్తకముల పట్టికలు మూఁడు నెలల కొకసారి ప్రకటింపఁబడుచుండెను. వానిలో గ్రంథనామము, కర్త, ముద్రాక్షరశాల, పుటల సంఖ్య, ప్రతుల సంఖ్య, వెల మున్నగునవి కనఁబడును. పరప్రభుత్వము నిఘాకొఱకు వేయించిన పట్టిక లవి యని యెల్ల రెఱుఁగుదురు. అయినను ఉత్తరసర్కారులలో నేయే చిన్న ముద్రాక్షరశాల యేమేమి వేసినదో చెప్పుటకు వానికి మించిన సాక్ష్యము లేదు. ఆ చట్టమునకు బదులుగా 2023లో వచ్చి 2024 మార్చి 1నుండి యమలైన క్రొత్త చట్టము నియతకాలిక పత్రికలకే పరిమితమైనది, పుస్తకముల నమోదు దానిలో లేదు. నిఘా పోయినందుకు సంతోషింపవచ్చును, కాని జాబితాయుఁ బోయినది. ఈ ఖాళీని బూరింపఁదగినవి జిల్లాలలోని పరిశోధన గ్రంథాలయములే. శ్రీకాకుళము, విజయనగరము, 2022లో నేర్పడిన పార్వతీపురము మన్యము, ఈ మూఁడు జిల్లాలలో నేఁటేఁట వెలువడు గ్రంథముల వివరపట్టికను సంవత్సరాంతమునఁ బ్రకటించుటకుఁ గావలసినది ద్రవ్యము గాదు, ఒక్క శ్రద్ధాళువైన భాండాగారి. పట్టికలోనికెక్కని పుస్తకమును గొనఁదలఁచిన దూరపు గ్రంథాలయమైనను గొనలేదు.

శ్రద్ధయే మూలధనముగ నేమి చేయవచ్చునో శ్రీకాకుళమునందలి కథానిలయము చూపినది. కాళీపట్నం రామారావుగారు (1924–2021) ఉపాధ్యాయవృత్తిలో జీవించి, కథకులుగఁ బ్రసిద్ధులై, 1995లోఁ గేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము నందిరి. ఆ పురస్కారపు సొమ్మును గథలకొక నిలయమును గట్టుటకు వినియోగించిరి. 1997 ఫిబ్రవరి 22న దాని ద్వారములు తెఱువఁబడెను. తెలుఁగుకథ యేపత్రికలో నెప్పు డచ్చుపడినను దాని ప్రతి యొకటి యిచ్చట నుండవలె ననుట సంకల్పము. అందులకై యాయన యూరూర జాబులు వ్రాసిరి, పాఁతపత్రికలున్న యిండ్ల కరిగిరి, కథకుల జీవితవివరములను సేకరించిరి. ప్రభుత్వ సంస్థయుఁ గాక, విశ్వవిద్యాలయశాఖయుఁ గాక, ఒక జిల్లాపట్టణములోని యొక యింట నుండి తెలుఁగుకథాపరిశోధనమున కంతటికిని మూలస్థానమగుట సామాన్యము కాదు. పిమ్మట మనసు ఫౌండేషను తోడ్పాటుతో నా సంచయము ఛాయాప్రతుల రూపమున నంతర్జాలమునకు నెక్కినది.

ఇది చిన్న ప్రకాశకులకుఁ జేసిన యుపకార మేమని యడుగవచ్చును. కథానిలయము వారి పుస్తకములను వేలసంఖ్యలోఁ గొనఁజాలదు. అది చేసినది అంతకన్న మౌలికమైన పని: వారికి ముడిసరుకు నిచ్చినది. ఒక కథకుని సమగ్రరచనలఁ బ్రకటింపఁ బూనిన మండలికి మొదటి విఘ్నము ద్రవ్యము గాదు, రచనలు దొరకకుండుట. 1924 మొదలు 1991 వఱకు నడచిన 'భారతి' పూర్తి సంచికలు గల యిల్లెక్కడ? వారపత్రికల గతి మఱింత దీనము. అవి చదువఁబడి పొట్లములైనవి. పత్రిక పేరు, నెల, సంవత్సరము చెప్పి కథ యొక్క ఛాయాప్రతి నందుకొనఁగలిగినపుడు సంపాదకుని యైదేండ్ల తిరుగుడు అయిదు నెలల పనియగును. ఆదా యయిన యా కాలమే యసలైన విరాళము.

పరిశోధనమున కొనఁగూడిన లాభ మొక్క యుదాహరణమునఁ దేటపడును. గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చినది, అదియే తొలి తెలుఁగుకథ యని చిరకాలము చెప్పుకొనిరి. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి'లో వచ్చియున్నదని తెలిసిన పిమ్మట నా మాట నిలువలేదు. ఇట్టి వాదములు తర్కమునఁ దేలునవి గావు. పత్రిక సంచిక కన్నుల యెదుట నుండవలెను. సంచికను దాఁచినవాఁడు లేనిచోఁ జరిత్రకారుఁ డెంతటి మేధావియైనను విన్నమాటనే తిరిగి చెప్పును.

ఇంతవఱకు గ్రంథాలయముల బాధ్యత చెప్పఁబడినది. ప్రకాశకుల దోషములును జెప్పకున్న విమర్శ యేకపక్షమగును. మన చిన్న ప్రకాశకుల సంపుటములు పెక్కింటిలో నేరచన యేపత్రికనుండి యేసంచికనుండి గ్రహింపఁబడినదో కానరాదు. పత్రికాపాఠమునకును బిమ్మటి పుస్తకపాఠమునకును భేదమున్నచో నేది స్వీకరించిరో సూచింపరు. కళింగాంధ్రకథకుల విషయమున నిది మిక్కిలి హానికరము. చాగంటి సోమయాజులు, రాచకొండ విశ్వనాథశాస్త్రి, రామారావుగార్ల రచనలలో జనవ్యవహారమునందలి పలుకుబడి ప్రాణము. అక్షరములు కూర్చువాఁడు పొరపాటున నొక మాటను దనకుఁ దెలిసిన రూపమునకు దిద్దిన నా ప్రాణమునకే మోసము వచ్చును. మూలసంచిక పేరు లేని సంపుటమును సరిచూచుకొను మార్గము పాఠకునకు లేదు. కావున ఛాయాప్రతి నిచ్చు గ్రంథాలయము రుసుము నడుగకున్నను జిన్న నియమము నొకదానిని విధించుట న్యాయము: రచన క్రింద మూలమును బేర్కొనవలెను, అచ్చయిన పుస్తకపు ప్రతి నొకదానిని మూలమున్న చోటికే తిరిగి చేర్పవలెను. అచ్చున కెక్కకముందు ప్రూపులను మూలముతో సరిచూచుటకు భాండాగారములో నొక బల్లయు రెండు కుర్చీలును ఎల్లప్పుడును సిద్ధముగ నుంచినచో నదియే గొప్ప సాయము. తంజావూరి తాళపత్రముల మూలమున నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో వెలికిఁ దెచ్చిరి. అట్టి కార్యమునకు వలసినది మూలప్రతియు, దానియెదుటఁ గూర్చుండు నవకాశమును, చదువఁగల కన్నును. మూఁడింటిలో మొదటి రెండును గ్రంథాలయమే యీయఁగలదు.

చదువరులు స్వల్పసంఖ్యాకులైన గ్రంథముల గతి వేఱు. గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీముఖలింగ సమీపమునఁ బుట్టి, పర్లాకిమిడిలో నధ్యాపకులై, సవరల భాషను వారి నోటనుండియే నేర్చి, వ్యాకరణమును నిఘంటువులను రచించిరి. సవరభాషా వివరణగ్రంథము 1931లోను, నిఘంటువులు 1933, 1938 సంవత్సరములలోను జెన్నపట్టణపు ప్రభుత్వముద్రణాలయమున వెలువడెను. ఇట్టి గ్రంథము నే విక్రేతయుఁ గోరఁడు. నాఁడు ప్రభుత్వము వేసినది గనుక నిలిచినది. ఆయనయే వ్యావహారికభాషావాదమునకై 1919లో 'తెలుఁగు' అను పత్రికను స్వయముగ నడపిరి, అది స్వల్పకాలమే సాగినది. ఒక్క పండితుని యీ రెండు యత్నములను బ్రక్కప్రక్కన నుంచి చూచిన సంస్థాబలము గల ముద్రణమునకును వ్యక్తిబలముననే నడచు ముద్రణమునకును గల యంతరము కనఁబడును. పాండిత్య మొక్కటియే, పట్టుదల యొక్కటియే. ఒకదాని వెనుక గిడ్డంగియుఁ బంపిణియు నుండెను, రెండవదాని వెనుక నొక గృహస్థుఁడు మాత్రమే యుండెను. నేఁడు సవర, జాతాపు, గదబ మున్నగు జనుల వాఙ్మయమును దెలుఁగు లిపిలో నచ్చొత్తింపఁ బూనువారి స్థితి యా రెండవదే. 2019లో విజయనగరమునఁ గేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయ మారంభమైనది. దాని గ్రంథాలయ మిట్టి గ్రంథములను నియమముగఁ గొననిచో మఱి యేగ్రంథాలయము కొనవలెను?

నియమముగఁ గొనుటవలని ఫలమును జూపిన దృష్టాంతము దూరదేశమునుండి వచ్చినది. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 1962 మొదలుకొని ఢిల్లీలోని తమ కార్యాలయముద్వారా భారతీయభాషల గ్రంథములను సేకరించి, ధాన్యవిక్రయమువలన నిచ్చటఁ జేరిన రూపాయలతోఁ గొని, తమ దేశములోని విద్యాసంస్థలకుఁ బంచియిచ్చిరి. తెలుఁగు గ్రంథములు నందుఁ జేరినవి. ఎంపికలో లోపములు లేకపోలేదు. ఉద్దేశము మన చిన్న ప్రకాశకుల నుద్ధరించుటయుఁ గాదు. అయినను నొకే పుస్తకపు పెక్కు ప్రతులకు నగదు చేతఁబడుట వారికి వర్షాగమము వంటిది. ఇచ్చట మిగులని కొన్ని తెలుఁగు పుస్తకముల కొఱకు నేఁడు షికాగో, విస్కాన్సిన్ పట్టికలను వెదకవలసివచ్చుట యా సంగతికి వ్యంగ్యమైన యనుబంధము.

ధనము లేదని మన గ్రంథాలయాధికారులు చెప్పుదురు. ఆ మాటలో సత్యము కలదు, కాని సంపూర్ణసత్యము కాదు. 1960 నాఁటి గ్రంథాలయముల చట్టముచొప్పున నింటిపన్నులో రూపాయకు నెనిమిది పైసల వంతున గ్రంథాలయపన్ను వసూలగును. స్థానికసంస్థలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమకట్టవలెను. కట్టకుండుటయుఁ గలదు, కట్టినది జీతములకును భవనములకును సరిపోవుటయుఁ గలదు. అయినను జిల్లాకు సంబంధించిన చరిత్ర, శాసన, భాషా, జానపదగ్రంథములకని కొనుగోలులో నొక చిన్న భాగమును మొదటనే యేర్పఱచుట కడ్డు లేదు. రాష్ట్రస్థాయిలో నెంపికసంఘము కూడి పట్టిక వెలువరించువఱకు వేచియుండు పద్ధతి చిన్నవాని నీరసింపఁజేయును. ఎంపిక యైనదో లేదో తెలియునప్పటికి నాతని యప్పునకు వడ్డీ పెరిగియుండును. స్వల్పమైనను సకాలమున నందు వెల యాతనికి మేలు.

ఉచితప్రతి నడుగు నాచారమును మానుట మఱియు నావశ్యకము. పరిశోధన గ్రంథాలయమున కొక ప్రతి 'బహుమతిగఁ' బంపుఁడని వ్రాయు జాబు గౌరవసూచకమని కొందఱి భావము. వందకుర్చీలు కొనునపుడు వడ్రంగిని బహుమతి యడుగరు గదా! ఇట్లే పత్రికలకును. త్రైమాసికమున కొక చందా కట్టి నాలుగు సంచికలును సరిగా బైండు చేయించి యుంచిన గ్రంథాలయ మా పత్రికకు రెండువిధములఁ దోడ్పడినది. తపాలా మార్పులును దలఁపవలెను. పుస్తకముల రిజిష్టరు తపాలా తరగతి 2024 డిసెంబరున నిలిపివేయఁబడినది. 2025 మే 1నుండి వచ్చిన జ్ఞాన్ పోస్టు మూఁడువందల గ్రాముల వఱకు నిరువది రూపాయలనుండి యారంభమగుట మేలే, కాని పత్రికల కది వర్తింపదు. కావున సంచికలను విడివిడిగఁ బంపుటకంటె వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఎచ్చెర్లలోని అంబేడ్కరు విశ్వవిద్యాలయము, విజయనగరపు మహారాజకళాశాల వంటి విద్యాస్థానములు తమకును సమీపవిద్యాలయములకును వలయు ప్రతులను మొత్తముగఁ దెప్పించుకొని పంచుకొనుట పొదుపు.

అట్టి యేర్పాటునకు నిదర్శనముగ నొక గ్రంథమును దలఁచుకొనవచ్చును. ముఖలింగ శ్రీకూర్మములలోని శాసనములు 1925లో వెలువడిన దక్షిణభారత శాసనముల యైదవ సంపుటమునఁ బెద్దసంఖ్యలో నచ్చయినవి. అందు వ్యాఖ్యానము లేదు, పాఠములే కలవు. ఆ పాఠములను దేవాలయస్తంభములతో మఱల సరిచూచి, తెలుఁగు వివరణముతో నొక పండితుఁడు మూఁడువందల ప్రతులు వేయించెననుకొందము. చట్టముచొప్పున నాలుగు ప్రతులు కలకత్తా, చెన్నపురి, బొంబాయి, ఢిల్లీలకుఁ బోవును. శ్రీకాకుళమునను, విజయనగరమునను, వాల్తేరునను దలకొక ప్రతి ముందుగనే వెల యిచ్చి పుచ్చుకొనఁబడవలెను.